ఎత్తుకో, ఏరుకో, పుంజుకో: మూడు ఊళ్లలో ఒక ఇంగ్లీషు క్రియ

మదనపల్లె చుట్టుపక్కల టమోటా తోటల్లో పొద్దు పొడవకముందే కోత మొదలవుతుంది. ఆడకూలీలు సాళ్ల వెంట నడుము వంచి కాయలు కోస్తారు. కింద రాలిన వాటిలో దెబ్బ తగలనివి ఏరి గంపలో వేస్తారు. గట్టు మీద క్రేట్లు నిండేసరికి మట్టిరోడ్డు మీద బొలెరో పికప్ వచ్చి ఆగుతుంది. ఇద్దరు మగవాళ్లు క్రేట్లు ఎత్తి బండిలో పేరుస్తారు. కోయడం, ఏరడం, ఎత్తడం. మూడు పనులకు మూడు మాటలు. తోటలో ఎవరూ ఒక మాట బదులు ఇంకో మాట వాడరు. "కాయలు ఎత్తండమ్మా" అంటే ఏ కూలీ కూడా చెట్టు మీద చెయ్యి వెయ్యదు.

ఇవే పనులను ఇంగ్లీషులో చెప్పమంటే మొదటిది 'పిక్'. రెండోదీ మూడోదీ 'పిక్ అప్'. సరుకు వేసుకుని మండీకి పోయే బండి పేరూ అదే. 'అప్' అనే చిన్న ముక్క చేరగానే చెట్టు మీది కాయ నేల మీది కాయ అయిపోయింది. ఇంత తేడా ఆ ముక్క ఎలా తెచ్చింది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఈ మూడు ఊళ్లనూ ఇప్పుడు 42వ నంబరు జాతీయ రహదారి కలుపుతోంది. ఆ దారి వెంట చాలా ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. పుంగనూరులో ఒక అమ్మాయి ఒకసారి లేచి అడిగింది: "అప్ అంటే పైకి కదా సార్, మరి జలుబును పైకి ఎత్తేదేంది?" పుస్తకంలో 'పిక్ అప్ ఎ కోల్డ్' అని ఉంది. అది ఇడియమ్ అమ్మా, గుర్తుపెట్టుకో అన్నాను. ఆ పిల్ల కూర్చుంది కానీ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. గుర్తుపెట్టుకో అనడం జవాబు కాదు. ఈ ఒక్క క్రియ చుట్టూ ఉన్న విషయమంతా ఒకచోట పెట్టి చూస్తే ఆ అమ్మాయికి ఇవ్వాల్సిన జవాబు దొరుకుతుందనే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇంగ్లీషులో ఇలాంటి జంటలు వేలల్లో ఉన్నాయి. గెట్, పుట్, టేక్ లాంటి మామూలు క్రియ పక్కన అప్, డౌన్, ఆఫ్, అవుట్ లాంటి చిన్నమాట చేరి, రెండూ కలిసి ఒక కొత్త అర్థం ఇస్తాయి. పరదేశీయులకు అన్నిటికన్నా కష్టమైన చోటు ఇదేనని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు ముందుమాటలోనే గుర్తించాడు. వీటికి స్థిరమైన పేరు రావడానికి మాత్రం ఇంకో నూటడెబ్బై ఏళ్లు పట్టింది. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్' అనే పుస్తకంలో వీటిని 'ఫ్రేజల్ వెర్బ్' అన్నాడు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ సూచించిన పేరు అది. ఆ తర్వాత వీటికోసమే ప్రత్యేక నిఘంటువులు వచ్చాయి. వాటిలో ఏది తెరిచినా 'పిక్ అప్' కింద అర్థాలు పేజీ దాటిపోతాయి.

వి.కోట వైపు పల్లె నుంచి వచ్చిన కుర్రాడొకడు నా దగ్గర చదువుకున్నాడు. ఇంగ్లీషులో మంచి మార్కులే తెచ్చుకునేవాడు. బెంగుళూరులో ఒక ఇంటర్వ్యూకు పోయాడు. బయట కూర్చుని పక్కవాళ్లతో కన్నడంలో మాట్లాడడం అక్కడి పెద్దమనిషి విన్నాడు. లోపలికి పిలిచాక స్నేహంగానే అడిగాడు: "వేర్ డిడ్ యూ పిక్ అప్ కన్నడ?" మనవాడికి పికప్ అంటే బండి, లేకపోతే స్టేషన్ దగ్గర ఎక్కించుకోవడం. "కుప్పం స్టేషన్ సార్" అన్నాడు. గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆ తర్వాత అడిగిన వాటికి తెలిసి కూడా సరిగా చెప్పలేకపోయాడు. తిరిగొచ్చి నాకు తల వంచుకుని చెప్పాడు. అతని నోట్సు తీయమన్నాను. ఫ్రేజల్ వెర్బుల పట్టికలో, నేనే చెప్పి రాయించిన వరుసలో ఇలా ఉంది: పిక్ అప్ - ఎత్తుట. అంతే. ఒక ఇంగ్లీషు మాటకు ఒక తెలుగు మాట. ఆ పట్టిక అబద్ధం చెప్పలేదు, నిజంలో పదోవంతు చెప్పి ఊరుకుంది.

'ఎత్తు' దగ్గర్నుంచే మొదలుపెడదాం. ఎందుకంటే అది మన సీమలో మహా చురుకైన మాట. కోస్తాలో తీసుకురా, పట్టుకురా అనే చోట మనం ఎత్తుకొని రా అంటాం. సామాను సర్ది భద్రం చేస్తే ఎత్తిపెట్టడం. ఒక పద్ధతిని రద్దు చేస్తే ఎత్తేయడం. నది నీళ్లను మోటార్లతో మెట్టకు తెస్తే ఎత్తిపోతల. శ్రీశైలం జలాశయం నుంచి హంద్రీ-నీవా కాలువ ద్వారా పుంగనూరు, కుప్పం బ్రాంచీలకు నీళ్లు అలా మజిలీ మజిలీకీ ఎత్తుకుంటూనే తెచ్చారు. ఇంతవరకూ ఎత్తడంలో పైకి అనే అర్థం కనిపిస్తూనే ఉంది. మరి పరుగెత్తడంలో ఏం ఎత్తుతున్నాం? మొలకెత్తడంలో, పోటెత్తడంలో, విసుగెత్తడంలో? పేరెత్తకు అంటే పేరును భుజాన మోయొద్దనా? దండెత్తడం, పిచ్చెత్తడం, హడలెత్తడం, జన్మెత్తడం. ఏ తెలుగు పిల్లవాడూ వీటిని ముక్కలు చేసి అర్థం చేసుకోలేదు. పరుగెత్తులో ఎత్తు ఎందుకుందని మూడేళ్ల బిడ్డ అడగదు, లేచి పరుగెత్తుతుంది. ముక్కల కూడిక కాని అర్థం మనకు కొత్త కాదు. ఇంగ్లీషు తరగతిలో అడుగుపెట్టగానే దాన్ని మనం మరిచిపోతున్నాం, అదే ఇబ్బంది.

ఇప్పుడు ఎత్తుకూ ఎత్తుకొనుకూ ఉన్న తేడా చూడండి. పుంగనూరు ఆవు పొట్టి జాతి. పెరిగిన పశువు కూడా 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు దాటదు, అంటే మనిషి నడుము దాకా. దాని దూడ సంగతి చెప్పనక్కర్లేదు. ఇంటికొచ్చిన బంధువుల పిల్లలు వాకిట్లోకి పోగానే ఆ దూడను రెండు చేతులతో పొదివి రొమ్ముకు ఆనించుకుంటారు. అది కాళ్లు ఆడిస్తుంది, మెడ చాచి పిల్లవాడి చొక్కా గుండీ నాకుతుంది. ఆ పనిని "దూడను ఎత్తినాడు" అంటే వినేవాళ్లకు ఏదో వెలితిగా ఉంటుంది. "ఎత్తుకున్నాడు" అనాలి. క్రేటును ఎత్తుతాం, బిడ్డను ఎత్తుకుంటాం. క్రేటు బండిలోకి పోతుంది, బిడ్డ మన ఒంటికి చేరుతుంది. ఈ 'కొను' చేసే పని అదే. చేసినదాని ఫలం చేసినవాడి వైపు తిప్పుతుంది. వ్యాకరణాలు దీన్ని ఆత్మార్థకం అన్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలోనూ దీనికి తగిన చోటు ఉంది.

ఇక్కడే నాకు దారి దొరికింది. పిక్ అప్ అర్థాలన్నీ ఒక కాగితం మీద రాసి, ఎదురుగా మన ఊళ్లలో జనం నిజంగా ఏమంటారో రాస్తూ పోయాను. నేల మీది పెన్ను తీయడం, తీసుకో. రాలిన వేరుశనగకాయలు, ఏరుకో. స్టేషన్ నుంచి అత్తను తేవడం, పిలుచుకొని రా. మనవాళ్ల నోట అది పిల్చకరా. బస్సు దారిలో మనుషుల కోసం ఆగడం, ఎక్కించుకోవడం. వచ్చేటప్పుడు అంగట్లో నాలుగు కొత్తిమీర కట్టలు, తెచ్చుకో. బడి లేకుండా భాష రావడం, నేర్చుకోవడం. వ్యాపారం, వేగం, గాలి పెరగడం, పుంజుకోవడం. జబ్బుమనిషి బాగుపడడం, కోలుకోవడం. దెబ్బ తిన్నవాడు నిలబడడం, తేరుకోవడం. ఆపిన చోట మళ్లీ మొదలుపెట్టడం, అందుకోవడం. ఎవరో పెట్టాల్సిన ఖర్చు మనం భరించడం, నెత్తినేసుకోవడం.

కాగితం కుడివైపు పై నుంచి కిందికి చూశాను. దాదాపు ప్రతి వరుసా 'కొను'తోనే ముగుస్తోంది.

ఇది యాదృచ్ఛికం అనుకోను. ఇంగ్లీషువాడి మనసులో పిక్ అప్ అంటే ఎక్కడో పడి ఉన్నదాన్ని, దారిలో ఎదురైనదాన్ని తన చేతికి, తన బండికి, తన నాలుకకు, తన ఒంటికి చేర్చుకోవడం. కిందనున్న వస్తువు పైనున్న మనిషికి చేరుతుంది కాబట్టి అక్కడ అప్ వచ్చింది. వంగి తీసేటప్పటి ఆ కదలికే మిగతా అర్థాలన్నిటికీ వేరు. మనం అదే చేరికను కొను అనే సహాయక క్రియతో చెబుతాం. దిక్కు వాళ్లు చెబుతారు, ఎవరికి చేరిందో మనం చెబుతాం. చూపు వేరు, పని ఒకటే.

పుంగనూరు అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. జలుబును ఎవరూ పైకి ఎత్తరు. బస్సులో, పెళ్లిలో, ఆస్పత్రి వరండాలో మనకు తెలియకుండా వెంట తెచ్చుకుంటాం. ఇంగ్లీషులో మనిషి కర్త, జబ్బు అతను దారిలో ఏరుకున్న వస్తువు. తెలుగులో మాత్రం జబ్బే కర్త. పడిశం పట్టుకుంది, జ్వరం తగులుకుంది, దగ్గు అంటుకుంది. ఇక్కడా కొను ఉంది, కాకపోతే తలకిందులైంది. ఇంగ్లీషులో మనం జలుబును పట్టుకుంటాం, తెలుగులో జలుబు మనల్ని పట్టుకుంటుంది. అందుకే మన పిల్లలు 'కోల్డ్ కాట్ మీ' అని రాస్తారు. అది తెలివితక్కువ తప్పు కాదు, తెలుగు తర్కం ప్రకారం సరైన వాక్యమే. ఆ తర్కం ఎక్కడ తిరగబడుతోందో చూపిస్తే రెండో రోజు ఆ తప్పు రాయరు. ఎర్రసిరాతో సున్నా చుడితే ఏడాదంతా రాస్తారు.

కుప్పం పోతే ఈ సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. మూడు రాష్ట్రాలు కలిసే చోటు అది. ఒక దిక్కు కోలారు బంగారు గనుల సీమ, ఇంకో దిక్కు కృష్ణగిరి. రైల్వే స్టేషన్ బయట టీ అంగడి దగ్గర అరగంట నిలబడితే తెలుగు, కన్నడ, తమిళ, ఉర్దూ నాలుగూ వినబడతాయి. తెలుగాయన "ఫోన్ ఎత్తు" అంటాడు. కన్నడాయనదీ ఎత్తే. తమిళాయన ఎడు అంటాడు. ఉర్దూ మాట్లాడే డ్రైవరు ఉఠావ్ అంటాడు. నాలుగు భాషల్లోనూ ఫోన్‌ను ఎత్తడమే. మన దేశపు ఇంగ్లీషులో 'లిఫ్ట్ ద ఫోన్' స్థిరపడడానికి కారణం నాకు ఇదే అనిపిస్తుంది. పిక్ అప్ అనాల్సిన చోట మనవాళ్లు లిఫ్ట్ అన్నారంటే ఇంగ్లీషు రాక కాదు, నాలుగు మాతృభాషలు కలిసి ఒకే దిక్కు చూపించాయి కాబట్టి. ఫోన్ లిఫ్ట్ చేయలేదు అనే వాక్యం ఇవాళ అచ్చ తెలుగు వాక్యమంత మామూలైపోయింది. రిసీవరు ఎత్తే ఫోన్లు ఇళ్లలోంచి పోయినా, వేలితో అద్దం మీద గీసే పనికి కూడా ఎత్తడమనే మాటే మిగిలింది.

అదే టీ అంగడి దగ్గర నేర్చుకోవడం అనే మాటను మూడు భాషల్లో పట్టి చూడండి. తెలుగులో నేర్చుకో. కన్నడంలో కల్తుకో. తమిళంలో కత్తుక్కో. ధాతువులు ఎలా ఉన్నా చివర ఉన్న కో మూడింట్లోనూ ఒకటే. మన కొను, తమిళ కన్నడాల కొళ్ ఒక ఇంటి పిల్లలు. మనుషుల్ని వెంటబెట్టుకు రావడానికీ అంతే. పిల్చుకొని రా, కర్కొండు బా, కూట్టిక్కొండు వా. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని కుప్పంలో పెట్టడం ఎంత సబబో ఈ ఒక్క ప్రత్యయం చెబుతుంది. అక్కడి భాషాశాస్త్ర విద్యార్థులకు పరిశోధనశాల రైల్వే స్టేషన్ దాకా పరుచుకుని ఉంది.

అన్ని భాషలూ ఇలా మెలికలు కలిపి పోవు కదా. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లు ఫ్రేజల్ వెర్బుల దగ్గర ఏం చేస్తారనే దాని మీద జరిగిన పరిశోధనల్లో నాకు బాగా ఉపయోగపడినవి రెండు. 1985లో డాగుట్, లాఫర్ అనే ఇద్దరు హీబ్రూ మాతృభాషగా ఉన్న విద్యార్థులను పరిశీలించారు. హీబ్రూలో ఇలాంటి జంట క్రియలు లేవు. ఆ పిల్లలు ఫ్రేజల్ వెర్బ్ వాడాల్సిన చోట తప్పించుకుని ఒకే మాటలో ఉన్న క్రియను ఎంచుకున్నారు. తర్వాత 1989లో హల్‌స్టైన్, మార్చెనా డచ్చి విద్యార్థులను చూశారు. డచ్చిలో అచ్చం ఇంగ్లీషులాంటి జంటలే ఉన్నాయి. అయినా అర్థం పూర్తిగా మారిపోయిన జంటల దగ్గర వాళ్లూ వెనకడుగు వేశారు. తమ భాషకు మరీ దగ్గరగా కనిపించేసరికి, ఇది ఇంగ్లీషులో కూడా చెల్లుతుందా అని అనుమానపడ్డారు.

మన పిల్లలు ఈ ఇద్దరికీ మధ్యలో ఉన్నారు. రాతలో చూస్తే హీబ్రూ పిల్లల్లాగే తప్పించుకుంటారు. మనిషిని స్టేషన్లో రిసీవ్ చేస్తారు, పార్సిల్ కలెక్ట్ చేస్తారు, పాఠం రెజ్యూమ్ చేస్తారు, వ్యాపారం ఇంప్రూవ్ అవుతుంది. ఇవేవీ తప్పులు కావు. ఆఫీసు ఉత్తరానికి, పరీక్ష పేపరుకు ఇవే మేలు కూడా. కానీ ఎదుటివాడు పిక్ అప్ అన్నప్పుడు అర్థం కావాలి. వాడకపోతే పోనీ, వినబడినప్పుడు బిత్తరపోకూడదు. ఆ కుర్రాడికి జరిగింది అదే.

మాటల్లోకి వచ్చేసరికి బొమ్మ మారుతుంది. పికప్ ఇప్పటికే తెలుగు నామవాచకం అయిపోయింది. పికప్ పాయింట్, పికప్ అండ్ డ్రాప్ అందరికీ తెలుసు. మొగిలి ఘాట్‌లో పలమనేరు వైపు ఎదురు ఎక్కేటప్పుడు "బండికి పికప్ లేదన్నా" అని డ్రైవరు అంటే ఇంజను బలం, వేగం అందుకునే తీరు. మొదటి వారం చతికిలబడిన సినిమా రెండో వారానికి పికప్ అయింది అంటారు. మండీలో ధర కూడా అంతే. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో నూటయాభై దాటినప్పుడు ఎవరి నోట విన్నా రేటు లేచింది, రేటు పుంజుకుంది, రేటు పికప్ అయింది, మూడూ కలగాపులగంగా వినిపించాయి. పుంజుకోవడం అనే మాట మీద నాకు ప్రత్యేకమైన మమకారం. పుంజం అంటే పోగు. చెదిరిన పోగులు ఒక చోట చేరి బలం తెచ్చుకోవడం అందులో కనిపిస్తుంది. పిక్ అప్‌కు ఈ అర్థంలో ఇంతకంటే సరైన తెలుగు మాట ఉండదు. పత్రికలవాళ్లు దాన్ని బతికించారు, బడిలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

కోలుకోవడం గురించి చెప్పేటప్పుడు నాకు ఆరోగ్యవరం గుర్తొస్తుంది. మదనపల్లె పక్కన, క్షయ ఆస్పత్రిగా మొదలై వందేళ్లు దాటిన ఆస్పత్రి ఉన్న చోటు. క్షయకు సరైన మందు లేని రోజుల్లో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతే వైద్యం. మనిషి కోలుకుంటున్నాడా లేదా అనేది తూకం చెప్పేది, ఆకలి చెప్పేది. నెమ్మదిగా, రోజుకింత అన్నట్టు జరిగే ఆ మెరుగుదలనే ఇంగ్లీషువాళ్లు 'హి ఈజ్ పికింగ్ అప్' అంటారు. పూర్తిగా నయమైందని కాదు, దారిలో పడ్డాడని. కోలుకుంటున్నాడు అనే మాటలోనూ ఆ నడక ఉంది. రికవర్డ్ అంటే ఆ నడక పోతుంది.

అందుకోవడానికి ఈ ప్రాంతంలో గొప్ప తార్కాణం ఉంది. చిత్తూరు సీమ పల్లెల్లో ఎండాకాలం భారతం జరుగుతుంది. ధర్మరాజుల గుడి దగ్గర పగలు హరికథ, రాత్రి నాటకం. హరిదాసు ఒక ఘట్టం మధ్యలో ఆపి, మరుసటి రోజు సరిగ్గా ఆ చోటే అందుకుంటాడు. నాటకంలో పాత్రధారి పాట ఎత్తుకుంటే వెనకున్న వంతగాళ్లు అందుకుంటారు. ఆపిన చోట మొదలుపెట్టడం, ఒకరు విడిచినదాన్ని ఇంకొకరు పట్టడం, రెండిటికీ పిక్ అప్ సరిపోతుంది. ఇదే మదనపల్లెలో 1919 ఫిబ్రవరిలో బీసెంట్ కాలేజీలో బస చేసిన టాగోరు జనగణమన పాడినప్పుడు వింటున్నవాళ్లు పల్లవి దగ్గర గొంతు కలిపారు. తర్వాత సంగీతం తెలిసిన మార్గరెట్ కజిన్స్ సాయంతో ఆ పాటకు స్వరం రాసుకున్నారు, టాగోరు తానే దాన్ని ఇంగ్లీషు చేశాడు. వాళ్లు ఆ బాణీని అందుకున్నారు అని తెలుగులో అంటాం. ఇంగ్లీషులో 'దే పిక్డ్ అప్ ద ట్యూన్'. ఈ రెండు వాక్యాలకు మధ్య నాకు వెంట్రుకవాసి కూడా తేడా కనిపించదు.

కొను లేని అర్థాలూ ఉన్నాయి. కుక్క వాసన పట్టడం, పోలీసు జాడ తీయడం, ఎదుటివాడి గొంతులో మార్పును గమనించడం. వీటికి మన మాట పసిగట్టడం. పసి అంటే వాసన. కుప్పం అవతలి పల్లెల్లో ఫోన్లు పక్క రాష్ట్రపు టవరును పట్టేస్తాయి. రేడియో స్టేషను పడుతుంది. అవీ పిక్ అప్‌లే. పోలీసుల మాట వచ్చేసరికి పత్రిక అదుపులోకి తీసుకున్నారని రాస్తుంది, వీధి ఎత్తకపోయినారని, అంటే ఎత్తుకుపోయారని, అంటుంది. ఇంగ్లీషు పిక్ అప్ వీధి మాటకే దగ్గర. కానీ బిడ్డల్ని ఎత్తుకుపోయే దొంగలకు అది పనికిరాదు. దొంగల విషయంలో కూడా పిక్ అప్ అని రాస్తే, వాళ్లేదో బడి నుంచి పిల్లల్ని ఇంటికి చేర్చారన్నట్టు ఉంటుంది.

ఇంకో జాగ్రత్త పిల్లలకు తప్పకుండా చెప్పాలి. ఒక అమ్మాయినో అబ్బాయినో పిక్ అప్ చేయడమంటే పరిచయం లేని మనిషిని సరసానికి దగ్గర చేసుకోవడమనే అర్థం కూడా ఉంది. క్యాబు నడిపే కుర్రాళ్లు, హోటళ్లలో రిసెప్షన్లో పనిచేసే పిల్లలు ఇది తెలియక ఇబ్బందిలో పడగలరు. ఎక్కడి నుంచి అనేది స్పష్టంగా చెబితే, 'ఫ్రమ్ ద స్టేషన్' అంటే, అనుమానం రాదు.

మాటల వరుస సంగతి కూడా రెండు ముక్కల్లో. 'పిక్ అప్ ద బుక్' అనొచ్చు, 'పిక్ ద బుక్ అప్' అనొచ్చు. హిమ్, హర్, ఇట్ లాంటి సర్వనామాలు వస్తే మాత్రం మధ్యలోనే కూర్చోవాలి. 'పిక్ హిమ్ అప్'. మన పిల్లలు 'పిక్ అప్ హిమ్' అంటారు. తెలుగులో కర్మ మామూలుగా క్రియకు ముందే ఉంటుంది, క్రియను చీల్చుకుని లోపలికి పోదు. అందుకే ఈ చీలిక వాళ్ల చెవికి అతకదు. నియమం చెప్పి ప్రయోజనం తక్కువ. పది వాక్యాలు గట్టిగా పలికిస్తే చెవే నేర్చుకుంటుంది.

కొను సూత్రాన్ని గుడ్డిగా పట్టుకుని ఊరేగొద్దని కూడా చెప్పాలి. అప్ ఉన్న ప్రతి క్రియా ఇందులో ఇమడదు. 1981లో సూజన్ లిండ్నర్ అనే భాషాశాస్త్రవేత్త కేవలం అప్, అవుట్ అనే రెండు ముక్కల మీదే ఒక పరిశోధన గ్రంథం రాసింది. ఆ చిన్నమాటలు ఖాళీగా లేవని, వాటి అర్థాలు ఒకదానికొకటి అల్లుకున్న గూడులా ఉంటాయని చూపించింది. అందులో ఒక పెద్ద కొమ్మ పూర్తి చేయడం. ఈట్ అప్ అంటే తినేయ్. డ్రింక్ అప్ అంటే తాగేయ్. గివ్ అప్ అంటే వదిలేయ్. ఇక్కడ తెలుగులో కొను రాదు, వేయు వస్తుంది. అంటే ఇంగ్లీషు అప్‌కు మన ఇంట్లో కనీసం ఇద్దరు చుట్టాలున్నారు. తనకు చేర్చుకునేటప్పుడు కొను, పని తెమిల్చేటప్పుడు వేయు. తెలుగులో సహాయక క్రియలు చేసే పనిని ఇంగ్లీషులో ఈ చిన్నమాటలు చేస్తున్నాయని తెలిస్తే చాలు, పిల్లవాడికి భయం సగం పోతుంది. ఆ పరికరం వాడికి పుట్టినప్పటి నుంచీ వచ్చు.

2020 తర్వాత మన రాష్ట్రంలో బడి పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా వచ్చాయి. ఆలోచన నాకు నచ్చింది. రెండు భాషలు ఎదురెదురుగా ఉంటే పిల్లవాడు పోల్చి చూసుకోగలడు. అయితే ఎదురు పేజీలో ఉండేది పుస్తకాల తెలుగు. ఎత్తకరా, పిల్చకరా, పట్టుకుంది అనే తెలుగు అందులో కనిపించదు. పిల్లవాడు ఇంగ్లీషును పోల్చుకోవాల్సింది తన నోటితో, తన ఊరి మాటతో. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో పల్లెబడుల కోసం తయారు చేసిన పాఠాల కార్డులు పిల్లల చుట్టూ ఉన్న లోకంతోనే మొదలవుతాయి. ఇంగ్లీషు క్రియలకూ అదే దారి పట్టొచ్చు. పట్టిక రాయించడం నేను మానేశాను. ఇప్పుడు ఒక వారం గడువిచ్చి, ఇంట్లో, బస్సులో, మండీలో వినబడే కో మాటలు రాసుకురమ్మంటున్నాను. తరగతిలో కూర్చుని ఏది పిక్ అప్ అవుతుందో, ఏది కాదో అందరం కలిసి తేల్చుకుంటాం.

పోయిన ఏడాది కుప్పం పక్క పల్లె పిల్లవాడొకడు తెచ్చిన నోటుబుక్కులో అన్నీ వాళ్లమ్మ మాటలే. ఎడమ పక్క ఆమె మాట, కుడి పక్క వీడి ఇంగ్లీషు. "వచ్చేతప్పుడు చెల్లిని బడికాడ ఎక్కించుకో": పిక్ హర్ అప్ ఫ్రమ్ స్కూల్. "ఆ చింతకాయలు ఏరుకో": పిక్ దెమ్ అప్. "పడితే ఏమైందిలే, లేచి దులుపుకో" అన్నదానికి ఎదురుగా పిక్ యువర్సెల్ఫ్ అప్ అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. అది నేను చెప్పని వాక్యం, ఎక్కడో విని దాచుకున్నట్టున్నాడు. చివరి వరుసలో "పొద్దు మునుగుతా ఉంది, గంప తెచ్చి కోడిపిల్లల్ని కమ్ముకో" అని ఉంది. దాని ఎదురుగా మొదట పిక్ అప్ అని రాసి కొట్టేశాడు. పక్కన తెలుగులో, చిన్న అక్షరాలతో, "ఇది ఎత్తేది కాదు సార్, మూసేది" అని రాసి ఉంది.